ఇత్తుల బీరకాయ

పెళ్లయి శంషాబాద్ పక్కనున్న ఆ తోటకు వచ్చేనాటికి నాకు బీరకాయ అంటే తోపుడుబండి మీద దొరికే వస్తువు. బండి మీదికి రాకముందు అది ఎక్కడ ఉండేదో, ఎలా ఉండేదో ఒక్కసారైనా ఆలోచించిన పాపాన పోలేదు. నేను కాటేదాన్‌లో పుట్టి పెరిగాను. నాన్న అక్కడ ఒక రేకుల షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మా గల్లీ మట్టిలో ఇనుప రజను కలిసి ఉండేది, చెప్పుల్లేకుండా నడిస్తే కాలికి గుచ్చుకునేది. అలాంటి నన్ను తొంభైల మొదట్లో, ఎండలు ముదిరే రోజుల్లో, ఎకరంన్నర కూరగాయల తోట ఉన్న ఇంటికి కోడలిగా పంపారు. కూతురికి అన్ని పనులూ నేర్పానని మా అమ్మ అందరికీ చెప్పుకునేది. ఆ పనుల్లో ఒక్కటీ అక్కడ అక్కరకు రాలేదు.

ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్లం: అత్తమ్మ, మా ఆయన, నేను. మామ నా పెళ్లికి చాలా ఏళ్ల ముందే పోయాడు. తోటకు పెద్ద అత్తమ్మే. మనిషి పొట్టి, మాట పొడుగు. తెల్లవారకముందే ప్రార్థన చేసుకుని తోటలోకి దిగేది, పొద్దు వాలేదాకా ఇంటి మొహం చూసేది కాదు. ముందు వంకాయ మళ్లు, వాటి వెనక బెండ, టమాట, ఆకుకూరలు, చివరన బావి వైపు బీరపందిరి. తెంపిన కూరలను గంపలకెత్తి మా ఆయన పొద్దున్నే షహర్ మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. ఇక మిగిలిన పగలంతా అత్తమ్మ, నేను, ఎండ.

నేను వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం జరిగింది. పొయ్యి మీద అన్నం పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు వంకాయ మొదట్లో పోద్దామని గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను. పొద్దు వాలింది. పగలు చూసినప్పుడు పందిరి మీద ఉత్త ఆకులే ఉన్నాయి. ఇప్పుడు అక్కడక్కడ పచ్చటి పసుపు పూలు. ఇవెప్పుడు వచ్చాయి అనుకుంటూ దగ్గరికి వెళ్లాను. నా కళ్ల ముందే ఒక మొగ్గ వదులైంది, కొంచెం వణికింది, రెక్కలు విడిపోయాయి. దాని పక్కది, దాని వెనకది. పువ్వు విచ్చుకోవడం నేను జీవితంలో మొదటిసారి చూడటం అదే. పూలన్నీ పొద్దున్నే పూస్తాయని ఇన్నాళ్లూ నాకు ఎవరు చెప్పారో కానీ, వాళ్లు బీరపందిరి కింద నిలబడినవాళ్లు కాదు. చీకటి పడే లోపల పందిరి కప్పంతా పసుపైంది. ఒక చల్లటి వాసన దిగింది. గిన్నె చేతిలోనే ఉంది, నోరు తెరుచుకునే ఉంది, అన్నం మాడిపోతున్న సంగతి ముక్కుకు కూడా తెలియలేదు.

"ఏంది పిల్లా, అన్నం మాడవెట్టి గీడ నిలవడ్డవ్?" అంటూ అత్తమ్మ వచ్చింది.

"అత్తమ్మా, పూలు పూస్తున్నయి" అన్నాను. అంతకన్నా తెలివైన మాట నాకు దొరకలేదు.

తిడుతుందనుకున్నాను. ఆమె పందిరి వైపు తలెత్తింది, నడుము మీద చేతులు పెట్టుకుంది. "బీరపూలు గీ యాళ్లకే పూస్తయి. అన్నం మాడనే మాడింది, ఇగ గా పూలన్న మంచిగ చూడు" అంది. ఇద్దరం దోమలు కుట్టేదాకా అక్కడే ఉన్నాం. ఆ రాత్రి మాడిన అన్నం తింటూ మా ఆయన ఏమీ అనలేదు. తల్లి మొహం చూసి మానుకున్నాడని నా అనుమానం.

ఆ ఎండాకాలమంతా నాకు ఆశ్చర్యపోవడమే పని. పొద్దున కట్టిన సుతిలి తాడును మధ్యాహ్నానికి బీరతీగ నులి వేసి చుట్టుకునేది. మూడుచుట్లు తిరిగి మళ్లీ వెనక్కి మూడుచుట్లు తిరిగేది, ఎవరు నేర్పారో దానికి. తెల్లవారి వేలంత ఉన్న బెండకాయ రెండోనాటికి ముదిరి కత్తికి లొంగేది కాదు. నేల నెర్రెలు విడిచి, గాలి పొయ్యి మీది ఆవిరిలా మొహానికి కొడుతుంటే, ఆ నేలలోంచి ఇంత నీరున్న కాయ ఎట్లా వస్తుందని రోజూ అడిగేదాన్ని. "దేవుడు పంపుతడు, నువ్వు కలుపు తియ్యి" అనేది అత్తమ్మ. అరచేతుల్లో బొబ్బలు చితికి మంట పుట్టేది. అయినా పొద్దున్నే ఆ పందిరి కింద ఆకుపచ్చ వెలుతురులోకి వంగి దూరేటప్పుడు, గుడిలోకి అడుగుపెట్టినట్టు నా గొంతు దానంతటదే తగ్గిపోయేది.

బావి మాది ఒక్కరిదే కాదు, పక్క తోటవాళ్లది కూడా. వాళ్లు హిందువులు, మేము క్రైస్తవులం. మోట తోలిన కాలం నుంచి రెండిళ్ల మధ్య నీళ్లకు వంతులు ఉండేవి. మావాళ్లు ఆదివారం పని చెయ్యరు. వాళ్లింట్లో సోమవారం శివుడి రోజు, ఎద్దు మెడ మీద కాడి పెట్టరు, మన్ను తవ్వరు, ఇత్తనం ముట్టరు. అందుకని ఆదివారం వంతు ఎప్పుడూ వాళ్లది, సోమవారం వంతు ఎప్పుడూ మాది. మిగతా రోజులు ఒకటి విడిచి ఒకటి. ఎక్కువొచ్చిన శనివారం పొద్దు తిరిగేదాకా వాళ్లది, తిరిగాక మాది. ఎడ్లు పోయి కరెంటు మోటరు వచ్చినా వంతులు అవే. ఇంత అందంగా ఎవరు కుదిర్చారో అని నేను మురిసిపోయాను. ఒకరి దేవుడి రోజున ఇంకొకరి చేను తడుస్తుందంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది కదా.

ఆ ముచ్చట మొదటి శనివారం దాకే నిలిచింది. ఎండ నడినెత్తిన ఉంది. మోటరు నడుస్తోంది, నీళ్లు పక్కవాళ్ల కాలువలోకి పోతున్నాయి. అత్తమ్మ గట్టు మీద నిలబడి, కట్టేసిన మా బర్రెతో గట్టిగా మాట్లాడింది.

"ఏమే, పొద్దు తిరిగింది. కొందరికి కనవడ్తలేదు గావచ్చు."

గట్టు అవతల, టమాట మళ్లలో ఒక పెద్దావిడ నడుము ఎత్తింది. ఎత్తుగా, ఎండిన కట్టెలా ఉంటుంది. ఆమె మా వైపు చూడలేదు. కంచె మీది కాకితో అంది: "పొద్దు తిరిగేది మాక్గూడ ఎరుకే. కండ్లున్నయి. జర ఓపిక వట్టాలె మనుషులు."

"ఓపిక వడితే మళ్లు ఎండుతయి" అంది అత్తమ్మ బర్రెతో.

"ఎండనీయం తియ్యి" అని కాకికి చెప్పి, ఆమె పోయి మోటరు బంద్ చేసింది.

నాకు నవ్వు ఆగలేదు. ఈ ఇద్దరూ చాలా ఏళ్లుగా మాట్లాడుకోవడం లేదని మా ఆయన రాత్రి చెప్పాడు. పక్కవాళ్ల ఇంటి పెద్ద ఆమే, అత్తమ్మ కన్నా పెద్దది. మా ఆయనకు పెద్దమ్మ వరస, నాకు పెద్దత్త. "మాట్లాడుకోకపోవుడేంది, పొద్దంత మాట్లాడుకుంటనే ఉన్నరు గద?" అన్నాను. నిజమే మరి. ఆ బర్రె, ఆ కాకి, కరెంటు స్తంభం, ఆఖరికి నేను, అందరం ఆ ఇద్దరి మాటలు మోసినవాళ్లమే. నన్ను మధ్యలో నిలబెట్టి, "గామెకు చెప్పు, కాలువ కట్ట తెగిందని" అని ఒకరంటే, నేను నోరు తెరవకముందే, "కట్ట తెగింది చూసిన అని చెప్పు" అని ఇంకొకరు అనేవారు. అంత గట్టిగా వినిపిస్తుంటే నేనెందుకో వాళ్లకే తెలియాలి.

ఆ ఏడు బీరపందిరికి ఒక ఆపద వచ్చింది. మా బీర మార్కెట్టు విత్తనం కాదు. కాయ పొట్టిగా, బరువుగా ఉండేది, దాని మీది గీతలు లోతుగా ఉండేవి. వండితే నీరై పోకుండా ముద్దగా దగ్గరపడేది. అత్తమ్మ ప్రతి ఏడూ ఒక్కో తీగ నుంచి లేత కాయ తెంపి, తొడిమ దగ్గర కొరికి, నమిలి, ఉమ్మేది. చేదు తగలకపోతే ఆ తీగకు ఒక కాయ ఇత్తులకు వదిలేది. ఆ పొద్దు నేను పక్కనే ఉన్నాను. మొదటి కాయ కొరికి మొహం ముడిచింది. రెండోది కొరికి తూ అంది. పందిరి సగం తిరిగేసరికి ఆమె మొహంలో రంగు లేదు.

"ఏమైంది అత్తమ్మా?"

"చేదు కలిసింది. పోయినేడు పక్కకెవలో చేదుబీర పెట్టిన్రు. పురుగులు గా పూల దుమ్ము మోసుకొచ్చి మన పూలల్ల కలిపినయి" అంది. నాకూ ఒక ముక్క ఇచ్చింది. ఆ చేదు మధ్యాహ్నం మజ్జిగన్నం దాకా నాలుకను వదల్లేదు.

డబ్బాలో మిగిలిన విత్తనాలూ ఆ పోయినేటివే. వాటినీ నమ్మడానికి లేదు. అత్తమ్మ చేదు తగిలిన తీగలన్నిటినీ మొదట్లో కోసేసింది. పందిరి చాలామటుకు ఎండిపోయింది. మిగిలిన వాటిలో పాత కాయ పోలిక అచ్చంగా వచ్చింది ఒక్క తీగకే. అది పందిరి చివర, పెద్దత్తవాళ్ల గట్టును ఆనుకుని ఉంది. చేదు తీగలన్నీ పోయాక ఆ తీగకు పడిన కొత్త పిందెను అత్తమ్మ రోజూ చూసుకుంది. అది నిలిచిందని నమ్మకం కుదిరాక, మామ పాత ఎర్ర తువ్వాల చింపి, దాని తొడిమకు పేలిక కట్టింది.

"గిది ఇత్తుల కాయ. తీగె మీదనే ముదిరి, ఎండి, గలగల అనాలె. గప్పటిదాంక ఎవ్వలు ముట్టద్దు. గిది పాయెనంటే ఇగ ఆ బీర లేదు, ఎక్కడ లేదు" అంది.

ఆ 'ఎక్కడ లేదు' నాకు కొత్త మాట. కాటేదాన్‌లో ఒక బోల్టు పోతే అలాంటిదే ఇంకొకటి చేస్తారు. ఇక్కడ ఆకాశం కింద వేలాడుతున్న ఒక్క కాయలో ఒక జాతి అంతా ఉంది, దాన్ని పట్టుకుని ఉన్నది వేలి మందం తొడిమ. ఆ రోజు నుంచి నేనూ దానికి కాపలా. దాని పక్కన ఊడ్చేదాన్ని, ఉడతలను అదిలించేదాన్ని. ఇంకొకరు కూడా దాన్ని కనిపెడుతున్నారని కొన్నాళ్లకు తెలిసింది. పెద్దత్త రోజూ పొద్దున కోడిని వెతుక్కుంటూ ఆ గట్టు దగ్గరికే వచ్చేది. కోడేమో వాళ్ల వాకిట్లోనే గింజలు తింటుండేది. ఆమె ఎర్ర పేలిక వైపు కాసేపు చూసి, లేని కోడిని తిట్టుకుంటూ వెళ్లిపోయేది.

ఒకనాడు బెండ సాళ్లలో కూర్చున్నప్పుడు అత్తమ్మను అడిగేశాను. "పెద్దత్తతోని ఎందుకు మాట్లాడవు?"

"నేను మాట్లాడకపోవుడేంది, గామెనే మాట్లాడది. అసలు గా బీర ఇత్తులు గామె పుట్టింటియే. నేను గీ ఇంటికి కొత్తగొచ్చినప్పుడు నా కొంగుల పోసింది. అక్కా అక్కా అనుకుంట తిరిగేటోళ్లం. ఒక యేడు వాళ్ల ఇత్తులు ఎలుకలు తిన్నయి. పుట్టింట్ల గప్పటికే గా బీర ఏసేటోళ్లు లేరు. నాకు జరన్ని ఇయ్యి అని వచ్చింది. గా దినం ఆదివారం. ఇయ్యాల ఇయ్యను అక్కా, రేపు రా అన్న. సోమవారం పొద్దుగాల్నే మూట గట్టి పెట్టిన. పొద్దుగూకెదాంక చూసిన. రాలే. మల్ల నా మొకం చూడలే." అత్తమ్మ బెండకాయను తెంపిన తెంపుకు చెట్టు ఊగిపోయింది. "గంత పొగరు."

మా ఇంట్లో ఆదివారం పట్టింపు గురించి చెప్పాలి. ఆ రోజు తోటలో ఆకు తెంపేది లేదు, నీళ్లు కట్టేది లేదు, ఒకరికి ఇచ్చేది లేదు, ఒకరి దగ్గర తీసుకునేది లేదు. మా గుడి పాస్టరయ్యగారు కూడా అంత పట్టింపు మనిషి కాదు. ఆయన ఆదివారం సాయంత్రం పాలు కొనేవాడని నాకు తెలుసు, అత్తమ్మకు చెప్పలేదు.

ఈ కథకు రెండో సగం బావి దగ్గర దొరికింది. నీళ్లు బాగా అడుక్కు పోయాయి. మెట్లు దిగుతూ ఉంటే పైన ఎండ, లోపల చల్లదనం. గోడల్లోంచి పెరిగిన కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు బావిలోకి వేలాడుతుండేవి. అంత లోతున, అన్ని గూళ్ల కింద నిలబడి తల వెనక్కి వాల్చి చూస్తూ ఉండిపోయేదాన్ని. పెద్దత్త కింది మెట్టు మీద బిందె కడుగుతోంది. కాకి లేదు కాబట్టి నాతోనే మాట్లాడింది. కాయ ఎట్లున్నది అని అడిగింది. రంగు మారుతోంది అన్నాను. ఆమె మొహం వెలిగింది. ఆ ధైర్యంతో, ఆ సోమవారం ఎందుకు రాలేదని అడిగాను.

ఆమె బిందె తోమడం ఆపి నా వైపు తిరిగింది.

"సోమారం ఎట్ల వస్త బిడ్డా? మా ఇంట్ల సోమారం ఇత్తనం ముట్టం గద. గామెకు ఎరుక లేదా? ఇన్నేండ్ల సంది సోమారం నీళ్లు వాళ్లే కట్టుకుంటున్నరాయె. ఎరుకుండి గూడ సోమారమే రమ్మన్నదంటే, ఇయ్యనీకి మనసు లేకనే అనుకున్న. నేను ఇచ్చిన ఇత్తులకు నేనే పోయి చెయ్యి చాపితే గిట్లంటదా అని దుఃఖమొచ్చింది. మంగళారానికి దుఃఖం పోయి కోపమొచ్చింది."

నేను నీళ్లకు తెచ్చిన బిందె ముంచుకోవడం మరిచిపోయాను. ఒకరికి ఆదివారం పనికిరాదు, ఇంకొకరికి సోమవారం పనికిరాదు. నీళ్ల దగ్గర అంత చక్కగా కుదిరిన ఆ రెండు రోజుల మధ్యే ఈ ఇత్తులు ఇరుక్కుపోయాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ చెడ్డవాళ్లు కాదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఉన్నదున్నట్టు అత్తమ్మకు చెప్పాను. ఆమె ముద్ద చేతిలోనే ఆగింది. మా ఆయన నా వైపు గుడ్లురిమాడు. అత్తమ్మ, "జర చారు పొయ్యి" అంది. అంతే. పొయ్యగా మిగిలిన చారు గిన్నె నా చేతిలోనే ఉంది, ఆమె మరో మాట అంటుందేమోనని. అనలేదు. ఆ తర్వాతి సోమవారం మా వంతుకు మోటరు వేసి, ఆమె మోటరు షెడ్డు గోడకు ఆనుకుని పక్కవాళ్ల వాకిలి వైపు చూస్తూ నిలబడిపోయింది. నీళ్లు మడి దాటి పొంగి పారుతున్నాయని నేనే అరవాల్సి వచ్చింది.

మే నెల ఆఖరుకొచ్చింది. కాయ పచ్చదనం పోయి గడ్డి రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. తొడిమ ఇంకా పూర్తిగా ఎండలేదు. ఇంకొన్ని రోజులు అంది అత్తమ్మ. ఆదివారం గుడికి వెళ్తూ కూడా తెల్లచీరతో వంగి దాన్ని చూసి వచ్చింది. పక్కతోటలో పెద్దత్త ఒక్కతే ఉంది. కొడుకు, కోడలు తుక్కుగూడ దగ్గర పెళ్లికి పోయారు. వాకిట్లో ఆ ఎండాకాలపు ఉల్లిగడ్డంతా కుప్ప పోసి ఆరబెట్టి ఉంది, వాన వస్తే కప్పడానికి పక్కనే గోనె పరదా మడతపెట్టి ఉంది.

ఆరాధన అయ్యి బయటికి వచ్చేసరికి పడమర నల్లగా ఉంది. సంఘం మీటింగు ఉందని మా ఆయన గుడిలోనే ఆగాడు. అత్తమ్మ, నేను ఊరు దాటేసరికి గాలి లేచింది. దుమ్ము ముందు వచ్చింది, దాని వెనక చినుకులు, ఆ వెనక రాళ్లు. రాళ్లవాన గురించి విన్నాను గానీ తల మీద పడటం అదే మొదలు. కుంకుడుకాయలంత రాళ్లు రోడ్డు మీద పడి ఎగురుతున్నాయి. ఒక మూసిన కొట్టు రేకుల కిందికి దూరాం. ఆ రేకుల మీది చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినబడలేదు. నేల తెల్లబడిపోయింది. భయపడాల్సిన చోట నేను కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయాను. ఇంత ఎండలో, ఇంత మంట నేల మీద, ఆకాశంలో ఇంత మంచు ఎక్కడ దాచాడు దేవుడు అనుకున్నాను. అప్పుడు అత్తమ్మ పెదాలు చూశాను. "కాయ, కాయ" అంటున్నాయి.

రాళ్లు తగ్గకముందే ఆమె కొంగు నెత్తి మీద వేసుకుని పరుగు తీసింది. ఆ వయసులో, ఆ బురదలో ఆమె అంత పరుగు ఎట్లా తీసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వెనకబడ్డాను. తోట చేరేసరికి ఆమె పందిరి ముందు నిలబడి ఉంది. పందిరి లేదు. గుంజలు విరిగి, తీగలు, ఆకులు, తాళ్లు, రాళ్లు అన్నీ కలిసి నేల మీద కుప్ప. అత్తమ్మ ఏడవలేదు. అప్పుడు ఆ కుప్ప చివర నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఎవలో వచ్చినట్టున్నరు. వచ్చినోళ్లు పైలంగ రావాలె. గా తీగె గుంజితే కాయ మీద వడ్తది గుంజ."

నేను తాళ్లు ఎత్తి పట్టుకుంటే అత్తమ్మ మోకాళ్ల మీద లోపలికి పాకింది, ఆమె వెనక నేను. చివర పెద్దత్త బురదలో కూర్చుని ఉంది. విరిగిన గుంజను భుజం మీద మోస్తోంది. నుదుటి మీద రాయి తగిలి చర్మం లేచింది, రక్తం వాన నీళ్లలో కలిసి చెంప మీదికి దిగింది. ఒళ్లో ఒక ఇనుప తట్ట బోర్లించి ఉంది. ఆమె దాన్ని ఎత్తింది. కింద పరదా మడతలు, ఆ మడతల్లో పొడిగా, ఎర్ర పేలికతో సహా, కాయ. తొడిమ మాత్రం తెగిపోయి ఉంది.

అత్తమ్మ పరదాను చూసింది. తలెత్తి, గట్టు అవతలి వాకిలి వైపు చూసింది. ఉల్లిగడ్డ కుప్ప మీద కప్పు లేదు. రాళ్లు తెల్లగా పేరుకుని ఉన్నాయి, వాన నీళ్లు గడ్డలను వాకిలంతా తేల్చుకుపోతున్నాయి.

"అక్కా" అంది అత్తమ్మ. బర్రెతో కాదు, నాతో కాదు. "నీ ఉల్లిగడ్డంత పాయె గద అక్కా."

పెద్దత్త ఆ మాటకు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "పోతే పోయింది. ఉల్లిగడ్డ మల్ల ఏస్త. గిది మల్ల ఏడికెల్లి తెస్తం చెల్లె?"

ఒక ఇల్లు ఆ ఎండాకాలమంతా చేసిన కష్టాన్ని వాకిట్లో వానకు వదిలేసి, ఆమె తనకు చెందని పందిరి కింద రాళ్ల దెబ్బలు తింటూ కూర్చుంది. నేను ఆ తర్వాత చాలామంది గొప్ప మనుషులను చూశాను, విన్నాను. ఆ బురదలో కూర్చున్న మనిషిని చూసినప్పుడు కలిగినంత భయభక్తులు నాకు మళ్లీ ఎవరి ముందూ కలగలేదు.

గుంజను నేను అందుకున్నాను. తొడిమ తెగింది కాబట్టి ఇక తీగ మీద ఎండేది లేదు. లోపలి ఇత్తులు ముదిరి ఉంటే ఉన్నట్టు, లేకపోతే అన్నీ తాలు. అత్తమ్మ చేతులు తుడుచుకుని కాయను రెండు చేతులా ఎత్తింది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. ఆమె మొహం చూసి నాకు ఏమీ అర్థం కాలేదు. దాన్ని పెద్దత్త చెవి దగ్గర పెట్టి మళ్లీ ఊపింది. పెద్దత్త అవునన్నట్టు తల ఆడించింది. అప్పుడు నాకూ వినబడింది, వాన చప్పుడులో చిన్నగా, పొడిగా, గలగల.

అత్తమ్మ కాయ కొసన ఉన్న మూతను గోటితో తీసింది. "కొంగు వట్టు" అంది.

పెద్దత్త చెయ్యి కదల్లేదు. "ఇయ్యాల ఆదివారం గద చెల్లె. నువ్వియ్యవు."

అత్తమ్మ తెల్లచీర నడుము దాకా బురదే. ఆమె పరదా పొడి మడతతో పెద్దత్త కొంగు చివరను ఒత్తి తుడిచింది, తడి పోయిందో లేదో వేళ్లతో చూసింది, దాన్ని తనే ఆమె రెండు చేతుల్లో పరిచింది.

"రేపు సోమారం. నువ్వు రావు. ఇయ్యాల్నే వట్టు, అక్కా."

పెద్దత్త కొంగు పట్టింది. అత్తమ్మ కాయను తలకిందులు చేసి, నల్లటి ఇత్తులను అందులో పోస్తూనే ఉంది, ఆమె చాలు చాలు అంటున్నా ఆపలేదు.